కాలవ నీళ్లు

తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడుస్తున్నాడు లింగయ్య. నాలుగు నెలలుగా అంగుళం కదలని లారీకి అద్దం తుడిస్తే ఏమి, తుడవకపోతే ఏమి? ఆ మాట దారిన పోయేవాళ్లు అడగనే అడిగారు, అడిగి అడిగి విసుగెత్తి మానేశారు. తెల్లారేసరికి చేతిలో తడిగుడ్డ ఉండి తీరాలి అతనికి. గుడ్డ లేని రోజున ఆ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక గోడకు చేరగిలబడి బీడీ మీద బీడీ కాలుస్తాడు, దగ్గుతాడు, పెళ్లాంచేత తిట్లు తింటాడు. అంతకంటే అద్దం తుడుచుకోవడమే ఆరోగ్యం.

బంపరు మీద ఒక కాలు, ముందు టైరు మీద ఇంకో కాలు పెట్టి ఒళ్లంతా చాచి పనిచేస్తున్నాడు. బక్కపలచటి మనిషి, యాభై ఆరేళ్లు. ఎడమ చెయ్యి చామనచాయ, కుడి చెయ్యి కారునలుపు. ముప్ఫై ఏళ్లు కిటికీ బయట ఎండలో ఆరబెట్టిన చెయ్యి అది. క్లచ్చి తొక్కీ తొక్కీ ఎడమ పిక్క కుడి పిక్కకంటే బలిసింది. చొక్కా విప్పి నిలబెడితే ఇద్దరు మనుషుల్ని తెచ్చి అతికించినట్టుంటాడని భార్య తిరుపతమ్మ నవ్వుతుంది. ఆమె పూర్తి పేరు లక్ష్మీతిరుపతమ్మ. అంత పేరు ఆధార్ కార్డు మీద తప్ప ఇంకెక్కడా వినపడదు.

లారీ ఆరు టైర్లది. గురజాల ఊరి చివర, రామయ్యగారి పత్తి గోడౌను పక్కన రోడ్డువారగా నిలబడి ఉంది. రామయ్యగారు దాన్ని కొన్న రోజు నుంచి, అంటే ఇరవై ఒక్క ఏళ్లుగా, స్టీరింగు ముందు కూర్చున్నది లింగయ్య ఒక్కడే. దాచేపల్లి నాపరాళ్లయినా, మాచర్ల కందులైనా, చిలకలూరిపేట మిల్లులకు పత్తయినా ఈ చేతుల మీదుగానే పోయాయి. ఒక మనిషిని గుద్దింది లేదు, ఒక మేకను తొక్కింది లేదు. "బండి లింగయ్య చేతిలో పెట్టి నేను నిద్రపోతా" అని రామయ్యగారు పదిమందిలో అనేవారు. లింగయ్య సంపాదించిన ఆస్తి ఏదైనా ఉందంటే ఆ మాటే. అది తల్చుకున్నప్పుడల్లా అతనికి వెన్ను కొంచెం నిటారు అవుతుంది.

కార్తీకమాసంలో వినుకొండ రోడ్డు మీద ఇంజను ఉడికి, పొగలు కక్కి, నిలబడిపోయింది. గొలుసు కట్టి లాక్కొచ్చి ఇక్కడ పెట్టారు. రామయ్యగారు అప్పటికే కాలం చేసి రెండేళ్లు. కొడుకు జయకృష్ణకు నరసరావుపేటలో వ్యాపారాలు. లారీ మీద అతనికి మనసు లేదు. నిన్న ఫోను చేసి తేల్చేశాడు. చిలకలూరిపేట నుంచి పాత ఇనుము కొనేవాళ్లు ఇవాళ సాయంత్రం నాలుగింటికి వస్తారు, తీసుకుపోయి ముక్కలు చేసుకుంటారు.

"వాళ్లిచ్చే రేటుకే నీకిస్తా లింగయ్యా. ఇంజను పని మాత్రం నువ్వే చేయించుకోవాల. మేస్త్రిని పిలిచి చూపిచ్చుకో. నాలుగు లోపల కొంటానో కొననో చెప్పెయ్," అన్నాడు.

కొంటే సొంత బండి. కొనకపోతే దాచేపల్లిలో రాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీ. మధ్యలో మూడో దారి లేదు. కొత్త లారీల ఓనర్లు యాభై దాటినవాణ్ణి చూస్తే మొహం తిప్పుకుంటున్నారు. ఆ బండ్లనిండా కంప్యూటర్లట, తలుపు సరిగా వేయకపోతే బండే చెబుతుందట. తలుపు వేయలేదని చెప్పించుకునే డ్రైవరు కూడా ఒక డ్రైవరేనా అని లింగయ్య బాధ. కానీ అతని బాధ ఎవడిక్కావాలి?

ఇంటికి పోయేసరికి తిరుపతమ్మ వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. కూర్చున్నచోటు నుంచే టీ గ్లాసు అందించింది.

"మేస్త్రి ఎప్పుడొస్తాడు?"

"ఎనిమిదింటి బస్సుకి."

"చూపిచ్చుకో. చూపిచ్చుకుని కొనెయ్."

"ఇంజను ఎట్టుందో తెలవకుండా కొనెయ్ అంటావేందే."

"ఎట్టున్నా కొను. ఒకళ్ల బండి ఎన్నేళ్లు తోల్తావు? ఒక్కరోజన్నా ఇది మాది అనుకోవా?"

డబ్బుకు లోటు లేదు. మిరప కోతలకు పోయి, తొడిమలు తీసి, తిరుపతమ్మ కట్టిన చీటీ పోయిన నెలే చేతికొచ్చింది. నిజానికి ఆ చీటీ ఆమె మోకాళ్ల ఆపరేషనుకని మొదలైంది. వినుకొండలో కాపురముంటున్న కూతురు నీరజ ఫోను చేసినప్పుడల్లా "అమ్మ మోకాళ్లు చూపిచ్చావా నాన్నా" అని అడుగుతుంది. "చూపిద్దాంలే" అని ఇతను అంటాడు. ఇంజను ఉడికిన మర్నాటి నుంచి తిరుపతమ్మే "మోకాళ్లకేం తొందర, ముందు బండి సంగతి చూడు" అనడం మొదలుపెట్టింది. ఆ మాట లింగయ్యకు హాయిగా వినిపించింది. ఎందుకంటోందో అతను ఆలోచించలేదు. మనకు అనుకూలమైన మాటను ఎవరు తవ్వి చూస్తారు?

షాకిర్ మేస్త్రి నరసరావుపేట నుంచి బస్సు దిగాడు. నలభై ఐదేళ్లవాడు, చెయ్యి మంచిది, నోరు పెద్దది. ఇంజనుతో ముద్దుగా మాట్లాడతాడు, మనుషుల్ని తిడతాడు. లింగయ్య అంటే మాత్రం గౌరవం, ఎందుకంటే బండిని చెడగొట్టుకుని తన దగ్గరకు రాని డ్రైవరు పల్నాడు మొత్తానికి ఇతనొక్కడే.

ఇద్దరూ కలిసి బోల్టులు విప్పారు. పన్నెండు కావస్తుండగా ఇంజనుకు మూతలా పైన ఉండే హెడ్డు లేచింది. ఇనప గొట్టం దూర్చి చెరో పక్కా పట్టుకుని, రొప్పుతూ, నేలమీద పరిచిన గోతం మీదికి దించారు. షాకిర్ టార్చి వేసి ఇంజను పొట్టలోకి చూశాడు. సన్నటి స్క్రూడ్రైవరు పెట్టి పొడిచాడు. ఊడొచ్చినదాన్ని అరచేతిలో వేసుకుని నలిపాడు.

"లింగన్నా, ఇట్రా. తమలపాకులు తెచ్చావా?"

"ఆకులెందుకు?"

"ఆకులు, వక్క తెచ్చుకుంటే చాలు. సున్నం ఇక్కడుంది," అని చెయ్యి చాచాడు. అరచేతినిండా తెల్లటి పెచ్చులు. "నీళ్లు తిరిగే దారులన్నీ పూడుకుపోయినయ్. నీళ్లు తిరక్కపోతే వేడి యాడికి పోద్ది? గాస్కెట్టు మాడింది, హెడ్డు వంగింది. ఏ నీళ్లు పోశావు దీనికి?"

"కాలవ నీళ్లే," అన్నాడు లింగయ్య.

పల్నాటి డ్రైవరుకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. ఇక్కడ నేల కిందంతా సున్నపురాయి. బోరు నీళ్లు కాగబెడితే గిన్నె అడుగున తెల్లగా అట్ట కడుతుంది. ఆ నీళ్లు రేడియేటరులో పోస్తే ఇంజనుకు రోజుకో చెంచా సున్నం తాగించినట్టే. అందుకని మొదటిరోజే ఇంట్లో చెప్పాడు లింగయ్య, బండికి సాగర్ కాలవ నీళ్లే కావాలని. అప్పటినుంచి అతను బయల్దేరే వేళకు ఇరవై లీటర్ల నీలం క్యాను గడపలో నిండుగా ఉండేది. ఎండాకాలం కాలవ కట్టేసే ముందు రెండు డ్రమ్ములు నిండి ఉండేవి. నింపేది తిరుపతమ్మ. ఇన్నేళ్లలో ఆ క్యాను ఒక్కసారీ ఖాళీగా కనపడలేదు. కనపడలేదు గనక అది ఎట్లా నిండుతోందో అతను ఆలోచించనూ లేదు.

"కాలవ నీళ్లకి ఇంత సున్నం కట్టదన్నా. ఇవి బోరు నీళ్లు. ఒక నెలా రెండు నెలలవి గాదు, రెండేళ్లవి."

రెండేళ్లు. క్యాను లోపల నీటిమట్టం దగ్గర తెల్లటి గీత పడటం లింగయ్య అప్పట్లోనే చూశాడు. క్యాను పాతబడిందనుకున్నాడు. రెండేళ్ల కింద ఒక వానాకాలం పొద్దున తిరుపతమ్మ "కట్ట జారుడుగా ఉందయ్యా, దిగలేకపోతన్నా" అంది. "జాగర్తగా దిగు" అన్నాడు అతను, అని లారీ ఎక్కి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తలేదు కాబట్టి కట్ట ఆరిపోయిందనుకున్నాడు మహానుభావుడు.

అప్పుడే జయకృష్ణ కారు వచ్చి ఆగింది. దిగి, విప్పిన ఇంజనును చూసి, ఏమిటి సంగతని అడిగాడు. షాకిర్ అరచెయ్యి అతనికీ చూపించాడు. బోరు నీళ్లని చెప్పాడు. ఇద్దరూ లింగయ్యవైపు తిరిగారు.

"నేనే బాబూ," అన్నాడు లింగయ్య. "దార్లో యాడ దొరికితే ఆడ బోరుకాడ పట్టేవాణ్ణి. బద్దకం."

ఆ మాట అనడం అతనికి ఎంత కష్టమైందో చెప్పలేం.

"ఏం మనిషివన్నా నువ్వు," అని షాకిర్ మొదలుపెట్టాడు. "తెలిసీ తెలవని డ్రైవర్లు చేశారంటే సరే. నీకేమొచ్చింది? నోరులేని ఇంజనుకి సున్నం తాగిస్తావా? నిన్ను చూపిచ్చి పదిమంది డ్రైవర్లని తిట్టా నేను. ఇంక వాళ్ల మొహం ఎట్టా చూసేది?" అతని తిట్లు అంత తేలిగ్గా అయిపోవు. లింగయ్య తల వంచుకుని అన్నీ విన్నాడు. జయకృష్ణ తిట్టలేదు. "మా నాన్న నీ చేతిలో బండి పెట్టి నిద్రపోతా అనేవాడు లింగయ్యా," అని మాత్రం అని, గోడౌను తాళం తీయడానికి పోయాడు. షాకిర్ తిట్లన్నీ ఒకెత్తు, ఆ ఒక్క మాట ఒకెత్తు.

తిట్టడం అయిపోయాక షాకిర్ చేతులు తుడుచుకుంటూ దగ్గరకొచ్చాడు. "సరే, అయిందేదో అయింది. ఇది చచ్చిన బండేం గాదు. లోపలంతా యాసిడ్ పోసి కడుగుతా. లైనర్లు మారుస్తా, హెడ్డు చదును కొట్టిస్తా. నెలలో నీ ముందు పెడతా. కొనుక్కో అన్నా, ఇంకో పదేళ్లు తోల్తావు."

పదేళ్లు. వద్దన్నా ఆ మాట చెవిలో తియ్యగా తిరిగింది. అన్నం తిని వస్తానని చెప్పి లింగయ్య ఇంటిదారి పట్టాడు.

తిరుపతమ్మ ఇంట్లో లేదు, పక్కింటికి పోయినట్టుంది. తలుపు వెనక నీలం క్యాను ఉంది. లింగయ్య దాన్ని భుజాన వేసుకుని కాలవ దారి పట్టాడు. ఎందుకు పోతున్నాడో అతనికే సరిగా తెలియదు. ఈ ఊళ్లో పుట్టి పెరిగి, కాలవలో ఈదులాడి, పెద్దయ్యాక నీళ్లకోసం ఆ కట్ట ఒక్కసారి కూడా దిగలేదన్న సంగతి మాత్రం అప్పుడే తట్టింది.

సందు దాటి, మిరపకాయలు ఆరబోసిన కల్లాల పక్కనుంచి, ఘాటుకు తుమ్ముకుంటూ నడిచాడు. కట్ట ఎత్తుగా ఉంది. దిగేచోట మెట్లేమీ లేవు. మనుషులూ గేదెలూ దిగి దిగి పడిన గాడి ఒకటుంది. కింద పోలమ్మ బట్టలు ఉతుకుతోంది. వీళ్ల వీధిలోనే నాలుగిళ్ల అవతల ఉంటుంది.

"ఏందన్నా, క్యాను పట్టుకుని నువ్వొచ్చావు? పొద్దు పడమట పొడిచిందా ఇయ్యాల?"

"ఊరికే," అన్నాడు.

"వదినకెట్టుంది? ఆమె కాలవకి వచ్చి రెండేళ్లయిందిగా. ఆనాడు క్యాను నింపుకుని కట్ట ఎక్కతా ఎక్కతా కూలబడిపోయింది. నేనూ మా ఆయనా చెరో రెక్కా పట్టుకుని ఇంటికాడ దించాం. నీకు చెప్పొద్దని ఒట్టు కూడా ఏయిచ్చుకుంది." చెప్పేశాక ఒట్టు గుర్తొచ్చి నాలుక్కరుచుకుంది పోలమ్మ. "అయినా రెండేళ్లయిందిలే, ఇంకా ఒట్టేంది."

క్యాను నిండింది. లింగయ్య దాన్ని ఎత్తి కుడి భుజం మీద పెట్టుకున్నాడు. బరువులు అతనికి కొత్త కాదు. కానీ అతని బరువులన్నీ చక్రాల మీద పోయేవి. కట్ట సగం ఎక్కేసరికి ఊపిరి బిగిసింది. పైకొచ్చి దించాడు. కల్లాల దగ్గర మళ్లీ దించాడు. భుజం మార్చాడు, నడుముకు ఆనించుకున్నాడు, రెండు చేతులా వేలాడేసుకుని నడిచాడు. నీళ్లు ఒలికి పంచె మోకాళ్ల దాకా తడిసి కాళ్లకు చుట్టుకుంది. ఇంటికి చేరేలోపల ఏడుసార్లు దించాడు. ఏడోసారి క్యాను మీదే కూర్చుండిపోయాడు. దారిన పోయేవాళ్లు ఏమనుకుంటారోనని మొహం తుడుచుకున్నాడు. తుడుచుకున్నది చెమట ఒక్కటే కాదు. బండి నేను తోలానని చెప్పుకుంటూ ఇన్నేళ్లు తిరిగాను గదా అనుకున్నాడు.

తిరుపతమ్మ గడపలో నిలబడి ఉంది. తడిసిన పంచెనూ, కారుతున్న క్యానునూ చూసింది.

"కదలని బండికి నీళ్లెందుకయ్యా?"

లింగయ్య క్యానును వసారాలో దించాడు.

"మేస్త్రి ఏమన్నాడు?"

"గాస్కెట్టు పోయిందంట. పాతదైపోయిందిగా."

"నీళ్లవల్లేనా?"

"నీళ్లకేం సంబంధం."

"నీకు అబద్ధం చేతగాదు," అంది ఆమె. ద్వారబంధం పట్టుకుని మెల్లిగా కుర్చీలోకి దిగింది. దిగేటప్పుడు పంటిబిగువున పెదవి కొరుక్కోవడం చూశాడు లింగయ్య. రోజూ కొరుక్కునేదేమో, ఈవాళ చూశాడు.

"పోలమ్మ చెప్పింది. ఎందుకు దాచావే నా దగ్గర?"

"చెప్తే నువ్వు మోస్తావు. రాత్రనకా పగలనకా బండి తోలి వచ్చి, మళ్లీ కాలవకి పోతావు. నీకు నిద్రెప్పుడు? నిద్ర లేకుండా స్టీరింగు కాడ కూర్చుంటే ఇంకేమన్నా ఉందా?" ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. "ఒక్క క్యానేగా, ఏమయిద్దిలే అని మన బోరు నీళ్లే పట్టా. ఏం కాలా. ఇంకోసారి పట్టా. అప్పుడూ ఏం కాలా. ఇంక అలవాటైపోయింది. ఆ బండి పొగలు కక్కిందని ఫోను చేశావు చూడు, అప్పుడు తెలిసొచ్చింది. నాలుగు నెలల నుంచి నాకు ముద్ద దిగట్లా."

లింగయ్య ఆమె కాళ్ల దగ్గర నేలమీద కూర్చున్నాడు. వాచిన మోకాలి మీద చెయ్యి వేశాడు. ఇంజను మీద చెయ్యి పెట్టి వేడి చూడటం అతనికి బాగా తెలుసు. ఆ మోకాలు కూడా వేడిగా ఉంది.

"నేను చెడగొట్టా. నా డబ్బుతోనే బాగుచేయిస్తా. పోయి కొంటానని చెప్పు," అంది తిరుపతమ్మ.

"కొనను."

"బాగవదన్నాడా మేస్త్రి?"

"అయిద్దన్నాడు. పదేళ్లు తోల్తావన్నాడు. కొనను. ఆ డబ్బు నీ కాళ్లది."

"నా కాళ్లు రేపటికి విరిగిపోవు. కూసోని తొడిమలు తీసుకునేదానికి కాళ్లెందుకు? నువ్వు పోయి ఆ గేటు కాడ కుర్చీలో కూసుంటావా? నువ్వా?"

"కూసుంటా."

"రెండు రోజులు కూసోలేవు. పిచ్చెక్కిద్ది నీకు."

"ఎక్కితే ఎక్కనీ. ఇన్నేళ్లూ దాన్ని నువ్వు మోశావు. ఇంక చాలు."

తిరుపతమ్మ గోడవైపు తిరిగిపోయింది. లింగయ్య తనే వడ్డించుకుని నాలుగు ముద్దలు తిన్నాడు, ఆమెకు కంచం పెట్టాడు. ఆమె ముట్టలేదు. మూడున్నరకు లేచి వెళ్లిపోయాడు. సందు చివర షాకిర్ ఎదురొచ్చి, వదిన చేత టీ తాగొస్తానని ఇంటివైపు పోయాడు. దారిలో రెండుసార్లు ఆగాడు. వెనక్కి పోయి సరే కొందామే అంటే ఆమె సంతోషిస్తుంది, తనూ సంతోషిస్తాడు, మోకాళ్లు ఒక్కటే సంతోషించవు. కొనాలని ఎంత ఉందో అతనికి తెలుసు. ప్రాణం పీకుతోంది. పీకనిచ్చాడు, నడిచాడు.

నాలుగు కాకముందే చిలకలూరిపేటవాళ్లు వచ్చారు. పెద్ద లారీ, వెనక ఇనప బొంగు. వాళ్ల పెద్ద ఇర్ఫాన్ అనే అతను బండి చుట్టూ తిరిగి టైర్లు చూసుకుంటున్నాడు.

"కొనట్లేదు బాబూ," అన్నాడు లింగయ్య.

జయకృష్ణ తలూపాడు. షాకిర్‌కు కోపమొచ్చింది. "పదేళ్లు తోల్తావని నా నోటితో చెప్పా. నేను ఎవడికన్నా అట్టా చెప్తానా?" అని గొణుక్కుంటూ హెడ్డును ఎత్తించి లారీ తొట్లో పడేయించాడు. ఇనప బొంగుతో ముందు లారీకి దీన్ని బిగించారు. ఇంజను నడవకపోయినా వెనక బండికి స్టీరింగు పట్టే మనిషి కావాలి. బస్టాండు సెంటరు దాకా దారి ఇరుకు. అక్కడిదాకా నువ్వు పట్టుకో పెద్దాయనా, అక్కణ్ణించి మా మనిషి చూసుకుంటాడని ఇర్ఫాన్ అన్నాడు. లింగయ్య సరేనన్నాడు.

క్యాబిన్ తలుపు మీద చెయ్యి వేసినవాడు ఆగిపోయాడు. రోడ్డు మీద తిరుపతమ్మ వస్తోంది. ఒక అడుగుకు ఈ పక్కకు, ఒక అడుగుకు ఆ పక్కకు ఊగుతూ, గోడ ఉన్నంతమేర గోడ పట్టుకుని, గోడ లేనిచోట గాలి పట్టుకుని వస్తోంది. ఆమె వచ్చి షాకిర్ ముందు నిలబడింది. ఊపిరి అందడానికి కొంచెంసేపు పట్టింది.

"ఇందాక టీ తాగటానికొచ్చి మా ఆయన్ని తిట్టిపోశావు గదా మేస్త్రీ. బోరు నీళ్లు పోశాడన్నావు గదా. ఆ నీళ్లు క్యానులో పట్టింది నేను. ఆయనకి తెల్దు. ఆయనకిచ్చిన తిట్లన్నీ వాపసు తీసుకుని నాకియ్యి."

షాకిర్ రెండు చేతులూ జోడించాడు. మనిషికి అతను దణ్ణం పెట్టడం అక్కడున్నవాళ్లు చూడటం అదే మొదలు.

తిరుపతమ్మ జయకృష్ణవైపు తిరిగింది. "మీ నాన్నగారు నిద్రపోయింది అబద్దం గాదు బాబూ. ఈయన చేతిలో ఏ తప్పూ జరగలా."

జయకృష్ణ లింగయ్య దగ్గరకొచ్చాడు. "మధ్యాన్నం అన్నది మనసులో పెట్టుకోవాకు లింగయ్యా," అన్నాడు. లింగయ్య తలూపాడు. పోయిందనుకున్న మాట తిరిగొచ్చింది. దాన్ని మోసుకుంటూ ఆ కాళ్లతో ఇంతదూరం నడిచి వచ్చింది ఆ మనిషి. అతనికి లారీ మీద ఉన్న బెంగంతా ఆ క్షణాన ఆమె మీదికి మళ్లింది.

"ఎక్కు," అన్నాడు.

"ఏందీ?"

"బండెక్కు. సెంటరు దాకా పోదాం."

ఇరవై ఒక్క ఏళ్లలో ఆమె ఆ క్యాబిన్లో ఒక్కసారీ కూర్చోలేదు. ఓనరు బండిలో సొంత మనుషుల్ని ఎక్కించుకోవడం లింగయ్యకు మర్యాదగా తోచేది కాదు. నీరజ పెళ్లి సామాను కూడా బాడుగ ఆటోలోనే తెచ్చాడు. తిరుపతమ్మ ఒకసారి క్యాబిన్ ఎత్తును చూసింది, ఒకసారి తన మోకాళ్లను చూసుకుంది. తర్వాత వంగి, తలుపు కింది ఇనప మెట్టు పట్టుకుంది. షాకిర్ పైకెక్కి చేతులందించాడు. లింగయ్య కిందనుంచి నడుము పట్టి ఎత్తాడు. మూడు మెట్లు, మూడుసార్లు ఆగారు.

"వదినా, పొద్దున లేపిన హెడ్డే నయం," అన్నాడు షాకిర్ రొప్పుతూ.

"నోరు మూసుకుని లాగు," అంది తిరుపతమ్మ, నొప్పితో నవ్వుతూ.

ముందు లారీ కదిలింది. బొంగు బిగిసింది. ఈ బండి ఒళ్లు విరుచుకుని, కిర్రుమని, మెల్లిగా వెనకాల నడిచింది. స్టీరింగు రాయిలా బరువుగా ఉంది. లింగయ్య రెండు చేతులా పట్టుకున్నాడు. తొట్లో చెక్కలు రాసుకోవడం, టైర్ల కింద కంకర నలగడం, పక్కన ఆమె గాజులు, అన్నీ వినిపిస్తున్నాయి.

"ఇంత నిశ్శబ్దంగా ఉంటదా బండి?" అంది తిరుపతమ్మ.

"నాకూ ఇయ్యాలే తెలిసింది."

ఆమె కిటికీలోంచి బయటకు చూస్తోంది. మనుషుల నెత్తులు, వసారాల మీది రేకులు, దూరంగా ఎర్రగా ఆరబోసిన కల్లాలు, వాటి అవతల కాలవ కట్ట. "ఇట్టా కనపడతదా ఊరు నీకు," అంది. కట్టవైపు చాలాసేపు చూసి, "ఇక్కణ్ణించి చూస్తే ఎత్తే లేదు," అంది.

"సోమారం నరసరావుపేట పోదాం. డాక్టరు దగ్గరికి," అన్నాడు లింగయ్య.

కొంతదూరం పోయాక ఆమె, "ఆ ఫ్యాక్టరీవాళ్లు ఇనప కుర్చీ ఇస్తారో ఏందో. పాతచీరలు పెట్టి మెత్తగా బొంత కుడతాలే," అంది. అని కళ్లు తుడుచుకుంది. లింగయ్య ఒక చెయ్యి స్టీరింగు మీదనుంచి తీసి ఆమె చేతిమీద వేశాడు. ముందు లారీ మలుపు తిరగబోతోంది, మళ్లీ రెండు చేతులూ కావాలి. వేసిన చెయ్యి తీయడానికి మనసు రాలేదు.

మలుపుకు ముందు అలవాటు కొద్దీ పక్క అద్దంలోకి చూశాడు. వెనక గోడౌను గోడ, దాని ముందు నాలుగు నెలలు లారీ నీడన పడి గడ్డి మొలవని నేల కనపడ్డాయి. ఆ నేల అంచున, గుడిమెట్ల దగ్గర విడిచినంత పొందిగ్గా, ఆమె విడిచి ఎక్కిన రబ్బరు చెప్పులు ఉన్నాయి. రెండింటికీ మడమలు బయటిపక్కనే పూర్తిగా అరిగిపోయి, చెరో పక్కకు ఒరిగి ఉన్నాయి.